జాబ్ చార్నక్ సహచరి ఎవరు? - మూడు ఆధారాల పునఃపరిశీలన

వ్యాససంగ్రహం

ఈస్టిండియా కంపెనీ ఏజెంటు జాబ్ చార్నక్ భార్యగా ప్రసిద్ధి చెందిన భారతీయ స్త్రీ గురించి స్థిరపడిన కథ ఒకటి ఉంది. ఆమె పేరు మరియా అనీ, ఆమె బ్రాహ్మణ వితంతువు అనీ, పట్నాలో భర్త చితి మీదినుంచి చార్నక్ ఆమెను రక్షించాడనీ ఆ కథ చెబుతుంది. ఇందులోని ఒక్కొక్క అంశం ఏ ఆధారం నుంచి వచ్చిందో, ఏది ఏ ఆధారంలోనూ లేదో విడదీసి చూపడం ఈ వ్యాసం ఉద్దేశం. సమాధి శాసనం, విలియం హెడ్జెస్ దినచర్య, అలెగ్జాండర్ హామిల్టన్ యాత్రాగ్రంథం ఇందుకు ప్రధాన ఆకరాలు. 'జెంటూ' అన్న మాటకు మద్రాసులో ఒక అర్థం, బెంగాలులో మరొక అర్థం ఉండడం వల్ల తెలుగు పరిశోధకులకు ఎదురయ్యే చిక్కును కూడా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: జాబ్ చార్నక్, వలసకాలపు స్త్రీలు, సతి, జెంటూ, నామరాహిత్యం, ఆకర విమర్శ

1. ప్రవేశిక

1690 ఆగస్టు 24న హుగ్లీ నది తూర్పుగట్టున సుతానుటి గ్రామంలో జాబ్ చార్నక్ కొద్దిమంది అనుచరులతో దిగాడు. అది వానాకాలం. అక్కడ దిగడం ఆయనకు అది మూడవసారి. ఆ తేదీనే కలకత్తా పుట్టినరోజుగా పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. అయితే ఆ ప్రాంతంలో అంతకు ముందే గ్రామాలు, సంతలు, నేతపని ఉన్నాయని చరిత్రకారుల సంఘం ఇచ్చిన నివేదిక ఆధారంగా, చార్నక్‌ను నగర స్థాపకుడిగా పరిగణించరాదని 2003లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది. స్థాపకుడి విషయం న్యాయస్థానం దాకా వెళ్ళి తేలింది. ఆయనతో దాదాపు రెండు దశాబ్దాలు కాపురం చేసిన స్త్రీ విషయం ఇంతవరకూ సరైన విచారణకే నోచుకోలేదు.

విచారణ లేకపోయినా కథకు కొదవలేదు. చార్నక్ పట్నాలో ఉండగా, 1663లో, గంగ ఒడ్డున ఒక యువ వితంతువు సహగమనానికి సిద్ధమవుతుంటే చూడబోయి, ఆమె అందానికి వశుడై, సైనికులచేత ఆమెను విడిపించి ఇంటికి తెచ్చుకున్నాడని ప్రచారం. ఆమెను కొందరు బ్రాహ్మణ స్త్రీ అన్నారు, కొందరు రాజపుత్ర కన్య అన్నారు. పేరు మరియా అని ఒకచోట, లీల అని మరొకచోట కనిపిస్తుంది. బెంగాలీలో ప్రతాపచంద్ర చందర్ 'జబ్ చార్నకేర్ బిబి' అనే నవలే రాశారు. నవలాకారుడికి ఆ స్వేచ్ఛ ఉంది. కాని అదే కథ వలసకాలపు స్త్రీల చరిత్రకు ఉదాహరణగా పరిశోధన గ్రంథాల్లోకి ప్రవేశించినప్పుడు, ఏ వాక్యానికి ఏ పత్రం పూచీ అని అడగవలసి వస్తుంది. పేరు ఒకసారి పాదసూచికలోకి ఎక్కిందంటే దాన్ని దించడం కష్టం.

తెలుగు పాఠకులకు ఈ విషయంతో రెండు సంబంధాలున్నాయి. చార్నక్ కుమార్తెల బాప్టిజం జరిగింది కలకత్తాలో కాదు, మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చిలో. రెండవది మాటకు సంబంధించినది. ఆ స్త్రీని గురించిన అతి ప్రాచీన పత్రం ఆమెను 'జెంటూ' స్త్రీ అంటుంది. మద్రాసు ఇంగ్లీషువారి నోట జెంటూ అంటే తెలుగు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఆమె తెలుగింటి ఆడపడుచేమో అన్న ఊహకు దారి ఏర్పడుతుంది. ఆ దారి ఎక్కడికి పోతుందో తరువాత చూద్దాం.

2. రాతి మీది మరియా

ముందుగా పేరు. కలకత్తా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో అష్టకోణాకారంలో ఒక సమాధి మండపం ఉంది. చార్నక్ పెద్దల్లుడు చార్లెస్ ఐర్ దాన్ని కట్టించాడు. లోపలి రాతి మీద లాటిన్‌లో శాసనం ఉంది. బెంగాలు రాజ్యంలో ఆంగ్లేయుల ఏజెంటుగా ఉన్న జాబ్ చార్నక్ తనది కాని నేల మీద చాలాకాలం బాటసారిగా తిరిగి, 1692 జనవరి 10న శాశ్వత గృహానికి మరలిపోయాడని దాని సారాంశం. ఆనాటి ఇంగ్లీషు లెక్కలో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి ఆ జనవరి మన లెక్కకు 1693 జనవరి అవుతుంది. ఆ కాలపు ఇంగ్లీషు పత్రాలు చూసేవారు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల తేదీల దగ్గర ఈ సంగతి మరచిపోతే ఒక ఏడాది తప్పిపోతుంది.

శాసనం అంతటితో ముగియదు. అక్కడే మరియా కూడా నిద్రిస్తున్నదని, ఆమె జాబ్‌కు ప్రథమ సంతానమని, ఆంగ్లేయుల అధికారి చార్లెస్ ఐర్‌కు ప్రియతమ భార్య అని, 1696-97 ఫిబ్రవరి 19న మరణించిందని చెబుతుంది. ఇక్కడి మరియా చార్నక్ కూతురు మేరీ. భార్య అన్న మాట ఐర్‌తో అన్వయిస్తుంది, జాబ్‌తో కాదు. చార్నక్ పేరు కింద మరియా అనీ, ఆ వెంటనే భార్య అనీ కనబడితే, లాటిన్ విభక్తులు తెలియనివారు మరియాను చార్నక్ భార్యగా పొరబడడం కష్టం కాదు. సహచరికి మరియా అన్న పేరు అంటుకోవడానికి ఇదే కారణమని నా అభిప్రాయం. సమకాలీన పత్రాల్లో ఆ స్త్రీకి ఆ పేరు ఉన్నట్లు చూపే ఆధారం ఏదీ ముందుకు రాలేదు.

ప్రచారంలో ఉన్న కథను దాని లోపలినుంచే పరీక్షించినా ఈ పేరు నిలవదు. ఆమె క్రైస్తవం స్వీకరించలేదని, పైగా చార్నక్‌నే తన మతంలోకి లాగిందని కథకు మూలమైన హామిల్టన్ చెబుతాడు. బాప్టిజం పొందని స్త్రీకి మరియా అన్న పేరు ఎలా వచ్చింది? పేరును నమ్మితే హామిల్టన్‌ను వదులుకోవాలి, హామిల్టన్‌ను నమ్మితే పేరును వదులుకోవాలి. ప్రచారంలో ఉన్న కథ రెండింటినీ కలిపే చెబుతుంది.

ఆ మండపంలోనే చిన్న కూతురు క్యాథరిన్ సమాధిఫలకం కూడా ఉంది. జొనాథన్ వైట్ భార్య అయిన ఆమె తొలి కాన్పులో, పందొమ్మిదో ఏట మరణించింది. మరణం 1701 జనవరి. అంటే తండ్రి ఉన్నాడు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు, అల్లుళ్ళ పేర్లు ఉన్నాయి. తల్లి ఒక్కతే లేదు. ఆ రాయికి మరొక ప్రసిద్ధి కూడా ఉంది. మద్రాసు సమీపంలోని పల్లావరం ప్రాంతపు కొండరాయిని పోలిన ఆ శిలకు, 19వ శతాబ్ది చివర భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ చార్నకైట్ అని పేరు పెట్టాడు. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్‌తో పాటు విస్తారంగా దొరికే శిల అదే. చార్నక్ పేరు అలా కొండలకు కూడా ఎక్కింది.

3. 1682 డిసెంబరు 1

ఆ స్త్రీని గురించి ఇప్పటికి తెలిసిన పత్రాల్లో చార్నక్ జీవించి ఉండగా రాసినది విలియం హెడ్జెస్ దినచర్య. హెడ్జెస్ 1682లో బెంగాలుకు కంపెనీ ఏజెంటుగా వచ్చాడు. ఆయన దినచర్యను హెన్రీ యూల్ పరిష్కరించగా హక్లూయిట్ సొసైటీ 1887-89లో మూడు సంపుటాలుగా ప్రకటించింది. 1682 డిసెంబరు 1 నాటి నమోదులో ఇలా ఉంది. హుగ్లీ, కాశింబజారు అధికారి బుల్‌చంద్ పంపగా ఒక జెంటూ మనిషి వచ్చి, చార్నక్ తన బంధువర్గానికి చెందిన జెంటూ స్త్రీని 19 ఏళ్ళుగా ఉంచుకున్నాడని, ఇది ఆంగ్లేయ జాతికే అప్రతిష్ఠ అని ఫిర్యాదు చేశాడు.

తరువాత హెడ్జెస్ తాను విన్న పాత సంగతి ఒకటి చేరుస్తాడు. చార్నక్ పట్నాలో ఉన్నప్పుడు ఒక జెంటూ ఇల్లాలిని ఉంచుకున్నాడనీ, ఆమె భర్త సొమ్మూ నగలూ తీసుకుని పారిపోయి వచ్చిందనీ నవాబుకు ఫిర్యాదు అందింది. ఆ భర్త అప్పటికి బతికే ఉన్నాడో, కొత్తగా చనిపోయాడో చెప్పినవారికే స్పష్టత లేదు. నవాబు పన్నెండుమంది సైనికులను పంపాడు. చార్నక్ తప్పించుకున్నాడు, లేదా వారికి లంచమిచ్చాడు. సైనికులు ఆయన వకీలును పట్టుకుపోయి రెండు నెలలు ఖైదులో ఉంచారు. అన్నాళ్ళూ కంపెనీ కోఠీ గుమ్మం ముందు సైనికుల కాపలా సాగింది. చివరకు 3000 రూపాయల నగదు, అయిదు థానుల సకలాతు, కొన్ని కత్తి అలుగులు ఇచ్చి చార్నక్ వ్యవహారం సర్దుబాటు చేసుకున్నాడు.

ఈ నమోదును యథాతథంగా నమ్మడానికి వీలులేదు. హెడ్జెస్‌కూ చార్నక్‌కూ పొసగలేదు. లండన్ డైరెక్టర్లు చార్నక్ పక్షం వహించి, చివరకు హెడ్జెస్‌నే పదవినుంచి తొలగించారు. ప్రత్యర్థి నడతను గురించిన చెడ్డమాట ఏది వినబడినా రాసిపెట్టుకునే స్థితిలో ఆయన ఉన్నాడు. అటు బుల్‌చంద్ కూడా నిష్పక్షపాతి కాడు. అప్పుడు సుంకాల విషయంలో కంపెనీకీ మొగలు అధికారులకూ పెద్ద తగవు నడుస్తున్నది. ఇంటి ఫిర్యాదును వ్యాపార తగవులో పావుగా వాడుకోవడం అప్పటికే పాత విద్య.

ఇంత తీసివేసిన తరువాత కూడా మిగిలేది తక్కువేమీ కాదు. వకీలు ఖైదు, సకలాతు థానులు, కత్తి అలుగులు వంటి వివరాలు కేవలం అపవాదు కోసం కల్పించేవి కావు. సురేకారం వ్యాపారం కోసం చార్నక్ పట్నాలో చాలా ఏళ్ళు గడిపాడన్నది కంపెనీ పత్రాల వల్ల తెలిసిన విషయమే. అన్నిటికంటే ముఖ్యమైనది, ఆమె తరఫు బంధువులు ఉన్నారనీ, 19 ఏళ్ళ తరువాత కూడా ఆమె తమ మనిషేనన్న పట్టుదల వారికి ఉందనీ ఈ నమోదు చెబుతుంది. ఆమె కుటుంబం ఛాయ కనిపించే చోటు ఆకరాలన్నిటిలో ఇది ఒక్కటే. ప్రచారంలో ఉన్న కథలో ఈ బంధువులు మాయమైపోయారు. వారి స్థానంలో ఊరూపేరూ లేని పురోహితులూ చితి పేర్చేవారూ వచ్చి చేరారు.

1663 అన్న సంవత్సరం ఎలా వచ్చిందో కూడా ఇప్పుడు తెలుస్తుంది. 1682లోనుంచి 19 తీసివేస్తే 1663. ఫిర్యాదు చేసినవాడు నోటితో చెప్పిన ఉజ్జాయింపు లెక్కే చరిత్రలో తేదీగా నిలబడింది.

4. జెంటూ అంటే ఎవరు?

జెంటూ అన్నది పోర్చుగీసు వారి 'జెంతియో' నుంచి వచ్చిన మాట. అన్యమతస్థుడు అని దాని అర్థం. పోర్చుగీసువారు ఈ దేశపు ప్రజల్లో ముస్లిములను మూర్లనీ, తక్కినవారిని జెంతియోలనీ వ్యవహరించారు. ఆ విభజన ఇంగ్లీషువారికి వారసత్వంగా వచ్చింది. ఆ తరువాత ఒకే మాట రెండు తీరాల్లో రెండు దారులు పట్టింది.

మద్రాసు చుట్టుపక్కల ఇంగ్లీషువారు తమిళులను మలబారులనీ, తెలుగువారిని జెంటూలనీ పిలవడం అలవాటు చేసుకున్నారు. క్రమంగా జెంటూ అంటే తెలుగు భాష అయింది. 1816లో వచ్చిన ఎ.డి. కాంబెల్ వ్యాకరణం తన పేరులోనే తెలుగును సామాన్యంగా జెంటూ అని పిలుస్తారని చెప్పుకుంది. మరుసటి ఏడాది వచ్చిన విలియం బ్రౌన్ వ్యాకరణం జెంటూ భాషా వ్యాకరణమే. తెలుగు భాషా చరిత్ర చదువుకున్నవారికి ఇవి పరిచితమైన విషయాలు. బెంగాలులో అలా జరగలేదు. 1776లో హాల్‌హెడ్ ఇంగ్లీషులోకి తెచ్చిన 'జెంటూ లాస్' హిందూ ధర్మశాస్త్రమే గాని తెలుగువారి చట్టం కాదు. యూల్, బర్నెల్‌ల 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు 1886లో ఈ రెండు అర్థాలనూ నమోదు చేసింది. ఆ యూలే హెడ్జెస్ దినచర్యకు పరిష్కర్త కావడం ఇక్కడ గుర్తుంచుకోదగిన సంగతి.

హెడ్జెస్ రాస్తున్నది బెంగాలులో కూర్చుని, పట్నాలో జరిగిన విషయం గురించి. అందుచేత అక్కడి జెంటూ స్త్రీకి హిందూ స్త్రీ అన్నదే అర్థం. ఫిర్యాదు చేసినవాడు కూడా జెంటూయే, అతడు ఆమెకు బంధువు. మాట రెండుచోట్లా ఒకే అర్థంలో ఉంది. ఆమెను తెలుగు స్త్రీగా గ్రహించడానికి ఇందులో ఆస్కారం లేదు. మద్రాసు అర్థాన్ని బెంగాలు పత్రానికి తగిలించి మన ఖాతాలో వేసుకోవడం ఆత్మీయమైన పొరపాటే అయినా పొరపాటే.

ఈ మాటను ఇంకొక వైపునుంచి కూడా జాగ్రత్తగా చూడాలి. జెంటూ అంటే హిందువు అని తేలినంత మాత్రాన బ్రాహ్మణ స్త్రీ అని తేలదు, రాజపుత్ర కన్య అనీ తేలదు. మూర్ కాదు అన్నంతవరకే దాని వ్యాప్తి. ఆమె కులాన్ని హెడ్జెస్ చెప్పలేదు, హామిల్టన్ చెప్పలేదు. సహగమనం అనగానే అగ్రవర్ణం అని ఊహించుకున్న తరువాతి రచయితలు కులాన్ని చేర్చారు. ఊహకు ఊహే ఆధారమైన చోటు ఇది.

5. హామిల్టన్ చూపిన చితి

చితి కథ మొదట కనిపించేది అలెగ్జాండర్ హామిల్టన్ రాసిన 'ఎ న్యూ అకౌంట్ ఆఫ్ ది ఈస్ట్ ఇండీస్'లో. అది 1727లో ఎడింబరోలో రెండు సంపుటాలుగా అచ్చయింది. అప్పటికి చార్నక్ చనిపోయి 34 ఏళ్ళు. హామిల్టన్ స్వతంత్ర వర్తకుడు, నావికుడు. కంపెనీ అధికారులంటే గిట్టనివాడు. చార్నక్ క్రూరత్వం గురించి కూడా ఆయన పుస్తకంలో ఘాటైన మాటలున్నాయి.

ఆయన చెప్పినదాని ప్రకారం, మొగలులతో యుద్ధానికి ముందు చార్నక్ తన సైనికులతో ఒక యువ వితంతువు సహగమనం చూడబోయాడు. ఆమె అందం చూసి, సైనికులచేత బలవంతంగా విడిపించి ఇంటికి తీసుకువెళ్ళాడు. వారు చాలా ఏళ్ళు అన్యోన్యంగా జీవించారు, పిల్లలు కలిగారు. కలకత్తాలో స్థిరపడిన తరువాత ఆమె మరణించింది. ఆమె క్రైస్తవురాలు కాలేదు సరిగదా ఆయననే తన మతానికి తిప్పింది. ఆమె సమాధి మీద ఏటా వర్ధంతినాడు ఆయన కోడిపుంజును బలి ఇచ్చేవాడు. ఇది అక్కడి జనశ్రుతి అనీ, చార్నక్ కాలంలో కలకత్తాలో ఉన్నవారు తనకు నిజమేనని చెప్పారనీ హామిల్టన్ తానే అంటాడు. తాను కళ్ళారా చూశానని ఎక్కడా అనలేదు.

ఇందులో పట్నా ప్రస్తావన లేదు. చితుల ఆచారం ఇక్కడ కూడా ఉందంటూ బెంగాలు వర్ణనలో భాగంగా ఆయన ఈ కథ చెప్పాడు. పట్నా హెడ్జెస్ నుంచి, చితి హామిల్టన్ నుంచి తీసి అతికితే వచ్చినదే పట్నా గంగ ఒడ్డున 1663 నాటి సహగమనం. అలా అతికిన దృశ్యం ఈ రెండు ఆకరాల్లో దేనిలోనూ లేదు.

కోడిపుంజు సంగతికి వద్దాం. ఆమె కలకత్తాలో మరణించిందంటే అది 1690 ఆగస్టు 24 తరువాతే కావాలి. చార్నక్ మరణం 1693 జనవరి 10. ఈ మధ్యకాలం రెండున్నరేళ్ళు కూడా లేదు. అందులో వర్ధంతులు రెండుకు మించి రావు. ఏటా అన్నమాట ఈ లెక్కకు నిలవదు. పోనీ ఆమె అంతకు ముందే హుగ్లీ ప్రాంతంలో మరణించిందనుకుంటే, చార్నక్ 1689-90లో మద్రాసులో ఉన్నాడు, అంతకు ముందు రెండేళ్ళు యుద్ధంలో, పడవల మీద ఉన్నాడు. సమాధి దగ్గరకు ఏటేటా వెళ్ళే తీరిక ఎక్కడిది? ఇక బలి విషయం. బీహారులో పంచపీరుల ఆరాధనలో కోడిని బలి ఇచ్చే ఆచారం ఉంది. చార్నక్ చాలాకాలం బీహారులో ఉన్నాడు కాబట్టి దానికీ దీనికీ సంబంధం ఉండవచ్చు. గ్రామదేవతలకు కోడిని కోసే సంప్రదాయం మన పల్లెల్లోనూ ఉన్నదే. కాని బ్రాహ్మణ వితంతువు స్మృతికి కోడిబలి అంటే కథలోని రెండు ముక్కలు ఒకదానికొకటి అతకవు. కులం కల్పన అని చెప్పడానికి ఇదొక అదనపు కారణం.

హెడ్జెస్, హామిల్టన్ కథనాలను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు తేడా సైనికుల దగ్గర బయటపడుతుంది. హామిల్టన్ కథలో సైనికులు చార్నక్ వారు. వారు వెళ్ళి స్థానికుల చేతుల్లోంచి స్త్రీని లాక్కువస్తారు. హెడ్జెస్ నమోదులో సైనికులు నవాబు వారు. వారు వచ్చి చార్నక్ గుమ్మం ముందు కూర్చుంటారు. ఆయన పారిపోతాడు, ఆయన వకీలు ఖైదు అనుభవిస్తాడు, చివరకు డబ్బూ గుడ్డా ఇచ్చి బయటపడతాడు. 1660లలో పట్నాలోని ఇంగ్లీషు కోఠీ నవాబు దయమీద నడిచే వర్తకశాల. ఆ ఊళ్ళో ఆయుధాలతో చితి మీద పడి స్త్రీని ఎత్తుకురాగల బలం దానికి ఉండే అవకాశం తక్కువ. 1727 నాటికి కలకత్తాలో ఫోర్ట్ విలియం లేచింది, కంపెనీ చుట్టుపక్కల గ్రామాలకు జమీందారు అయింది. ఆనాటి అధికారాన్ని 60 ఏళ్ళ వెనక్కి తోసి చూస్తే హామిల్టన్ చెప్పిన దృశ్యం వస్తుంది.

ఐరోపా యాత్రికుల పుస్తకాల్లో సహగమన వర్ణన అప్పటికే తప్పనిసరి ఘట్టం. బెర్నియర్, తావెర్నియే పుస్తకాల్లో ఉంది. ఒక వితంతువుకు నచ్చజెప్పి మరణం నుంచి తప్పించానని బెర్నియర్ రాసుకున్నాడు. హామిల్టన్ పాఠకులు అటువంటి ఘట్టం కోసం ఎదురుచూసేవారే. తెల్లవారు గోధుమవర్ణపు పురుషుల బారినుంచి గోధుమవర్ణపు స్త్రీలను రక్షించడం అన్న వలసవాద కథనసూత్రాన్ని గాయత్రీ చక్రవర్తి స్పివాక్ 1988 నాటి వ్యాసంలో విశ్లేషించారు. సతిని గురించిన చర్చల్లో స్త్రీ స్వయంగా మాట్లాడేది అతి తక్కువని లతా మణి చూపారు. చార్నక్ కథ ఆ సూత్రానికి తొలి నమూనాల్లో ఒకటి. హెడ్జెస్ నమోదులో ఆ స్త్రీ, ప్రత్యర్థుల నోటివెంటనే అయినా, ఏదో చేసింది: ఇల్లు విడిచింది, సొమ్ము తీసుకుంది, వచ్చింది. హామిల్టన్‌లో ఆమెను తెచ్చారు, అంతే. దొంగతనం నిందే కావచ్చు. కాని ఆ నింద వెనుక నిర్ణయం తీసుకోగల మనిషి ఉంది.

హెడ్జెస్ చెప్పిన స్త్రీ భర్త అప్పుడే చనిపోయి ఉంటే, ఆమె సహగమనం తప్పించుకోవడానికే పారిపోయి ఉండవచ్చు కదా, అప్పుడు రెండు కథలూ కలుస్తాయి కదా అన్న వాదం ఉంది. అది అసంభవమని అనలేము. కాని చితి మీదినుంచి స్త్రీని ఎత్తుకుపోవడం లాంటి పని జరిగి ఉంటే, చార్నక్ మీద కసితో ఫిర్యాదు చేయవచ్చినవారు దాన్ని వదిలేసి నగల సంగతి ఎత్తుకుంటారా? మతాచారానికి భంగం కలిగించాడన్న నేరం నవాబు దగ్గరా, బుల్‌చంద్ దగ్గరా నగల దొంగతనం కంటే బరువైనదే అయి ఉండేది. వినవచ్చిన అపవాదునల్లా రాసుకున్న హెడ్జెస్ ఈ ఒక్కటి వదిలేశాడనుకోవడం నాకు కష్టంగా ఉంది.

6. మద్రాసు నమోదు

1688 చివర కంపెనీవారు బెంగాలు విడిచి ఓడలెక్కి, 1689 తొలి నెలల్లో మద్రాసు చేరారు. చార్నక్ కుటుంబం ఏడాదికి పైగా అక్కడ ఉంది. అప్పుడు కోట గవర్నరు ఎలిహు యేల్. 1689 ఆగస్టు 19న సెయింట్ మేరీస్ చర్చిలో మేరీ, ఎలిజబెత్, క్యాథరిన్‌లకు ఒకేసారి బాప్టిజం జరిగింది. ముగ్గురూ అప్పటికి పసిపిల్లలు కారు. క్యాథరిన్ సమాధిఫలకం ప్రకారం లెక్కిస్తే ఆమెకే ఏడెనిమిదేళ్ళు. పిల్లలు పుట్టినప్పుడు బాప్టిజం ఇప్పించలేదన్నది ఇంట్లో తల్లి మతం సాగిందన్న జనశ్రుతికి కొంత బలమిస్తుంది. బెంగాలు కోఠీల్లో అప్పటికి మద్రాసులో ఉన్నట్టి చర్చి లేకపోవడం కూడా దీనికి కారణం కావచ్చు. రెండో కారణాన్ని మరచి మొదటిదాన్నే చెప్పడం తొందరపాటు.

తండ్రి పేరుతో జరిగిన ఆ నమోదు తల్లి పేరు మనకు ఇవ్వదు. అదే చర్చిలో మొదటి వివాహం 1680 నవంబరు 4న ఎలిహు యేల్‌కు జరిగింది. వధువు క్యాథరిన్ హిన్మర్స్ కూడా వితంతువే. ఆమె మొదటి భర్త ఎవరో, పిల్లలెవరో అన్నీ తెలుసు. కంపెనీ స్థానిక స్త్రీలతో సంబంధాలను పట్టించుకోలేదనీ అనలేము. తమ సైనికులు మద్రాసులో స్థానిక స్త్రీలను పెళ్ళాడడాన్ని ప్రోత్సహిస్తూ, పుట్టిన బిడ్డ బాప్టిజం నాడు తల్లికి ఒక పగోడా ఇవ్వవచ్చని డైరెక్టర్లు 1687లో రాశారు. తల్లి ఖర్చుపద్దులో ఉంది, వంశావళిలో లేదు. ఇటువంటి స్త్రీలకు పేర్లు లేకపోవడం ఆకరాలు శిథిలం కావడం వల్ల కాదనీ, ఆకరాలు తయారైన పద్ధతే అదనీ దుర్బా ఘోష్ 2006లో వెలువడిన తమ గ్రంథంలో వీలునామాలు, చర్చి నమోదుల ఆధారంగా నిరూపించారు. చార్నక్ కాలం అంతకు పూర్వమైనా పద్ధతి అదే.

ఇప్పుడు అసలు ప్రశ్న అడగవచ్చు. 1682 నాటి ఫిర్యాదులోని స్త్రీ, 1689లో బాప్టిజం పొందిన పిల్లల తల్లి, 1727 నాటి కథలోని వితంతువు ఒక్కరేనా? మనం ఒక్కరే అనుకుంటూ వచ్చాం. మొదటి ఇద్దరూ ఒక్కరే కావడానికి మంచి అవకాశం ఉంది. 1682 చివర ఆమె ఇంకా చార్నక్‌తోనే ఉన్నట్లు ఫిర్యాదు చెబుతోంది, క్యాథరిన్ పుట్టుక ఇంచుమించు అప్పటిదే. అదైనా సంభావ్యతే గాని సాక్ష్యం కాదు. మూడవ స్త్రీ విషయంలో ఆ మాత్రం ఆధారం కూడా లేదు. చార్నక్ ఇంటి స్త్రీని గురించి ఊళ్ళో చెప్పుకున్నదాన్ని హామిల్టన్ రాశాడు. మనిషి నిజమైనా కథ నిజం కానక్కరలేదు.

7. ఆమెను ఏమనాలి?

తెలుగులో రాసేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. వివాహం జరిగినట్లు చెప్పే పత్రం వెలుగులోకి రాలేదు. భార్య అంటే లేనిదాన్ని ఉన్నట్లు చెప్పినట్లవుతుంది. ఉంపుడుగత్తె అంటే హెడ్జెస్ చూపునే మనం అరువు తెచ్చుకున్నట్లు. బీబీ అన్నది తరువాతి కాలపు ఆంగ్లో-ఇండియన్ వాడుక వాసన వేస్తుంది. ఆమె కూతుళ్ళను కంపెనీ పెద్ద ఉద్యోగులే పెళ్ళాడారు. పెద్దల్లుడు చార్నక్ తరువాత బెంగాలు కోఠీలకు అధిపతి అయ్యాడు. ఆ పిల్లల జన్మను ఆనాటి సమాజం ఎత్తిచూపినట్లు లేదు. సహచరి అన్న మాట చట్టం జోలికి పోకుండా కాపురాన్ని ఒప్పుకుంటుంది కాబట్టి ఈ వ్యాసంలో దాన్ని వాడాను.

సూచికలు, గ్రంథసూచులు తయారుచేసేవారికి మాత్రం ఈ వెసులుబాటు చాలదు. వారు ఒక పేరు కింద ఆమెను చేర్చాలి. మరియా చార్నక్ అని వేస్తే కూతురి సమాధిని తల్లికి కట్టబెట్టినట్లు అవుతుంది. లీల అంటే చరిత్రను నవలకు అప్పగించినట్లు. ప్రస్తుతానికి సరిపోయే నమోదు ఇదని నా ప్రతిపాదన: చార్నక్ సహచరి, పేరు నమోదు కాలేదు, హిందూ స్త్రీ, బంధువర్గం 1682 నాటికి బెంగాలులో ఫిర్యాదుదారు, పట్నాతో సంబంధం సంభావ్యం, చూ. హెడ్జెస్ దినచర్య, 1682 డిసెంబరు 1.